పుంజును ఉంచాలా, అక్కర్లేదా?
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున చదివిన ప్రసంగం)



పెరటి కోళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. గూడు ఎట్లా కట్టాలి, మేత ఏం వేయాలి అనేది పశుసఖులు ఇంటింటికీ వచ్చి చెప్తానే ఉన్నారు. వాళ్ళు చెప్పిందే మళ్ళీ మేము చెప్తే మీకు నిద్ర వస్తుంది. అందుకని ఒక్క సంగతే ఎత్తుకుంటాం. ఇంటికాడ నాలుగు పెట్టలు పెంచుకునే మనిషి, వాటితోపాటు పుంజును కూడా ఉంచాలా, అక్కర్లేదా?

నవ్వుతా ఉన్నారు. మా సంఘం మీటింగులో కూడా మొదట అందరూ నవ్వారు. తర్వాత అదే సంగతి మీద రెండు మీటింగులు నడిచాయి. ఎందుకంటే కోళ్ళకని సంఘంలో అప్పు తీసుకున్నవాళ్ళు మాలో ఉన్నారు. కిస్తీ కట్టాల్సింది గుడ్ల మీదా, పిల్లల మీదా వచ్చే డబ్బుతోనే. పుంజు సంగతి తేలకపోతే ఆ డబ్బు లెక్క తేలదు.

ముందు అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. పెట్ట గుడ్డు పెట్టాలంటే పుంజు అవసరం లేదు. పుంజు లేని ఇంట్లో కూడా పెట్ట దాని వయసొచ్చినప్పుడు, దాని టైముకు గుడ్డు పెడుతుంది. ఈ మాట చెప్తే మా అత్తలు ఒప్పుకోలేదు. పుంజు తొక్కని గుడ్డులో బలం ఉండదని, అది ఒట్టి గుడ్డని అన్నారు. మరి అంగన్‌వాడీలో పిలకాయలకు పెట్టే గుడ్డు, అంగట్లో కొనే తెల్లగుడ్డు ఎక్కడివి? ఆ ఫారాల్లో వేల పెట్టలుంటాయి, పుంజు ఒక్కటీ ఉండదు. ఆ గుడ్లకు తండ్రే లేడు. వాటినే కదా బాలింతలకు, గర్భిణులకు ఇస్తా ఉన్నారు. తినడానికైతే రెండు గుడ్లలో బలం ఒకటే. ఇంకో మాట చెప్పాలంటే, ఎండాకాలంలో పుంజు లేని గుడ్డే నయం. పుంజు కలిసిన గుడ్డు మన ఎండవేడికి లోపల కదలడం మొదలుపెట్టి తొందరగా చెడిపోతుంది. పుంజు కలవని గుడ్డు కొన్ని రోజులు ఎక్కువ నిలుస్తుంది. గుడ్లు అంగడికి వేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అయితే పొదగేసి పిల్లల్ని తీయాలంటే పుంజు ఉండాల్సిందే. దానికి వేరే దారి లేదు. కాబట్టి, నాకు కావల్సింది గుడ్లా, పిల్లలా? ప్రతి ఇల్లూ ముందు ఇది తేల్చుకోవాలి. రెండూ కావాలంటే ఎన్ని పెట్టలు గుడ్లకు, ఎన్ని పెట్టలు పిల్లలకు అని తేల్చుకోవాలి.

ఇప్పుడు పుంజు మేత లెక్క చూద్దాం. అది బయట తిరిగి ఏరుకు తినేది కాక, మన చేత్తో రోజుకు యాభై గ్రాముల నూకలో, తవుడో వేస్తామనుకుందాం. ఏడాదికి 18 కిలోలు. కిలో 30 రూపాయలు వేసుకున్నా దాదాపు 550 రూపాయలు. నాటు గుడ్డు 12 రూపాయలకు అమ్ముకుంటే, ఆ 550 రూపాయలంటే 45 గుడ్లు. మన నాటుపెట్ట ఏడాదంతా కలిపి పెట్టేదే 50, 60 గుడ్లు. అంటే పుంజు మేతకు ఒక పెట్ట ఏడాది కష్టం దగ్గరదగ్గర సరిపోతుంది. ఇంట్లో పిలకాయలకు గుడ్లు పెట్టుకుందామని మూడే మూడు పెట్టలు పెంచుకునే అక్క, అలవాటు కొద్దీ పుంజును ఉంచుకుంటే ఆ మూడింటిలో ఒకదాని సంపాదన పుంజే తింటా ఉందన్నమాట.

మేత ఖర్చు తగ్గించాలని మన కుప్పాల్లో ఎండుచేపల పొడి, రొయ్య తలలు వేస్తారు. ఉప్పు పెట్టకుండా ఎండబెట్టినవైతే మంచి మేతే. ఉప్పుచేప వేస్తే మాత్రం కోళ్ళు నీళ్ళు జాస్తిగా తాగి నీళ్ళవిరేచనాలు పట్టుకుంటాయి, చిన్నపిల్లలైతే చచ్చిపోతాయి. సరస్సు అంచున ఉన్న ఊళ్ళల్లో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. మనం తాగే మంచినీళ్ళే వాటికీ పెట్టాలి. ఇది పుంజు సంగతి కాదు గానీ, మళ్ళీ చెప్పే అవకాశం వస్తుందో రాదో అని చెప్పేస్తా ఉన్నాం.

పిల్లల కోసం పెంచేవాళ్ళ లెక్క వేరు. ఒక పెట్ట కింద పదో, పన్నెండో గుడ్లు వేస్తాం. మంచి పుంజు ఉండి, వారం లోపల పెట్టిన గుడ్లు ఏరి వేస్తే 21 రోజులకు ఎనిమిది, తొమ్మిది పిల్లలు దిగుతాయి. గద్ద, పిల్లి, ముంగిస, కుక్క వాటా పోను మనకు ఐదు మిగిలాయనుకోండి. అందులో రెండు పుంజులైనా ఉంటాయి. ఐదారు నెలలకు కిలోన్నర తూగితే, కిలో 300 పలికినా రెండింటికీ 900 రూపాయలు. ఒక్క విడత పిల్లలతోనే పుంజు ఏడాది మేత తీరిపోతుంది. పైగా పెట్టపిల్లలు మిగులుతాయి. పుంజు ఉండాల్సింది ఇట్లాంటి ఇంట్లో.

ఎన్ని పెట్టలకు ఒక పుంజు అంటే, ఎనిమిది నుంచి పదికి ఒకటి చాలు. నాలుగు పెట్టలకు రెండు పుంజులు పెట్టుకుంటే అవి రెండూ రోజంతా కొట్లాడుకుంటాయి, పెట్టల వీపుల మీద ఈకలు ఊడిపోతాయి, మేతా దండగ. పది పిల్లలు దిగితే అందులో సగం దాకా పుంజులే ఉంటాయి కాబట్టి పుంజులు మిగలడం మామూలే. నాలుగో నెల, ఐదో నెల కల్లా ఒకదాన్ని ఏరుకోని, మిగతావి బరువు రాగానే అమ్మేయాలి.

డబ్బు లెక్కలోకి రాని సంగతులూ ఉన్నాయి. మన చేపల రేవుల దగ్గర గద్దలు ఎన్నుంటాయో మీకు తెలుసు. ఆకాశంలో నీడ కదిలితే ముందు గొంతెత్తేది పుంజే. ఆ అరుపుకు పెట్టలు, పిల్లలు గబుక్కున పొద కిందికి దూరిపోతాయి. పురుగు కనపడితే కొక్కొక్కో అని పెట్టల్ని పిలిచి తినిపిస్తుంది. పెట్టల్లో పెట్టలు పొడుచుకుంటా ఉంటే మధ్యలోకి పోయి ఆపుతుంది. కుక్క వస్తే, ముంగిస వస్తే మాత్రం పుంజు చేసేదేమీ లేదు, రాత్రికి గూడు తలుపు మనమే గట్టిగా వేసుకోవాలి. ఇంకో పక్క చూస్తే, మబ్బులోనే మొదలుపెట్టి అది కూసే కూతకు చుట్టుపక్కల వాళ్ళకు నిద్ర ఉండదు. శ్రీసిటీలో నైట్ డ్యూటీ చేసొచ్చి అప్పుడే కన్ను మూసిన పిలకాయలకు ఆ బాధ తెలుసు. కొన్ని పుంజులు మనుషుల మీదికి ఎగిరి పొడుస్తాయి. చిన్నబిడ్డలున్న ఇంట్లో అట్లాంటిది ఉండకూడదు. ఎంత అందంగా ఉన్నా సరే, పిల్లలకు తండ్రిగా కూడా దాన్ని ఉంచొద్దు. ఆ గుణం వాటి పిల్లలకూ దిగుతుంది.

ఇంతవరకూ మీటింగులో తగాదా లేదు. తగాదా వచ్చింది సంక్రాంతి దగ్గర.

మా సంఘంలో ఒక చెల్లెలు ఉంది. పేరు చెప్పం, ఈ హాల్లోనే కూర్చోని ఉంది. ఆమె ఒప్పుకున్నాకే చెప్తున్నాం. సంఘంలో అప్పు తీసుకోని పెట్టలు, ఒక మంచి పుంజు కొన్నది. ఉగాది దాటాక పిల్లల మీద వచ్చే డబ్బుతో కిస్తీలు కడతానని చెప్పింది. నెలగంట పట్టాక బేరగాళ్ళు వీధుల్లో తిరగడం మొదలుపెట్టారు. డేగ రంగు, కాళ్ళు గట్టివి, మెడ పొడుగు అని మెచ్చుకోని, ఆమె ఇంట్లో లేనప్పుడు ఆమె మొగుడి చేతిలో డబ్బు పెట్టి పుంజును తీసుకుపోయారు. ఆ డబ్బు పండగకు ముందే అయిపోయింది. ఎట్లా అయిపోయిందో మీరే ఊహించుకోండి.

పండగ పోయి నెల తిరిగినాక రెండు పెట్టలు పొదుగుకు కూర్చున్నాయి. ఆమె 24 గుడ్లు వేసింది. పుంజు పోయినాక కూడా పది, పద్నాలుగు రోజుల దాకా పెట్ట పెట్టే గుడ్లలో పిల్లలు వస్తాయి. పెట్ట కడుపులో అంతకాలం ఆ బీజం నిలుస్తుంది. ఆ గడువు దాటాక పెట్టిన గుడ్లు ఒట్టివే. వీధిలో వేరే పుంజైనా ఉంటే ఏమో గానీ, పండక్కి అందరి పుంజులూ పోయాయి. కొన్ని పందేనికి, కొన్ని కనుమ నాడు పొయ్యి మీదికి. 21 రోజులైంది, 23 రోజులైంది, ఒక్క పిల్లా దిగలేదు. గుడ్డు పగలగొడితే పచ్చసొన పచ్చసొనగానే ఉంది. రెండు పెట్టల శ్రమ పోయింది, గుడ్లు పోయాయి, కిస్తీ నెల వచ్చి కూర్చుంది.

అప్పుడు మీటింగులో కొంతమంది ఆమెకు జరిమానా వేయాలన్నారు. మేము ఒప్పుకోలేదు. పుంజును అమ్మింది ఆమె కాదు. మన ఊళ్ళల్లో పెట్టలు ఆడవాళ్ళవి, పుంజు మొగవాళ్ళది అన్నట్టు నడుస్తా ఉంది. నీళ్ళు పెట్టేది, గూడు ఊడ్చేది, తవుడు కలిపేది మనం. రెక్క పట్టుకోని బేరం చేసేది వాళ్ళు. సంఘం అప్పుతో కొన్న పెట్ట ఎవరిదో పుంజూ వాళ్ళదే. అప్పు పత్రం మీద సంతకం ఎవరిదైతే అమ్మే మాట కూడా వాళ్ళదే ఉండాలి. అందుకని ఆ రోజే ఒక తీర్మానం రాసుకున్నాం. కోళ్ళకని ఇచ్చే అప్పులో ఎన్ని పెట్టలు, ఎన్ని పుంజులు అని మినిట్స్ పుస్తకంలో సభ్యురాలి పేరున రాస్తాం. పుంజును అమ్మాలంటే ఆమె మీటింగులో ఒక మాట చెప్పి అమ్ముతుంది. ఇంట్లో మొగవాళ్ళు అడిగితే "సంఘం పుస్తకంలో ఉంది" అని చెప్పడానికి ఆమెకు ఒక అండ ఉంటుంది. మొగుళ్ళతో పోట్లాడమని మేము ఎవరికీ చెప్పలేదు. పుస్తకం చూపించమన్నాం, అంతే.

పందెం సంగతి కూడా ఒక మాట. అది మన పండగ, మన సంప్రదాయం అని చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళల్లో ఉన్నారు. పల్నాటి యుద్ధం కథలో కోడిపందెం నుంచి ఎంత దూరం పోయిందో మనందరికీ తెలుసు. ఇప్పుడు చట్టం కూడా ఒప్పుకోదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఉంది. కత్తి కట్టి వదిలిన కోడి మీద డబ్బు కాసేది రెండింటికీ విరుద్ధమే. చట్టం మాట పక్కన పెట్టినా, ఆ బరి దగ్గరికి పోయిన డబ్బు ఇంటికి తిరిగొచ్చింది మా ఊళ్ళో మేము చూడలేదు. మన మండలాలు 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చాయి గానీ, అంతకుముందు నెల్లూరు జిల్లావే. దూబగుంట ఆడవాళ్ళు సారా అంగళ్ళ మీదికి పోయిన జిల్లా అది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. అప్పటికి మాలో కొంతమంది చంటిబిడ్డలు, కొంతమంది పుట్టనే లేదు. పుంజును బేరగాడికి ఇవ్వనని చెప్పడం అంత పెద్ద పని కాదు.

డబ్బు లెక్కలో కూడా ఆ అమ్మకం నష్టమే. పండక్కి పోయేది ఎప్పుడూ మందలోకల్లా మంచి పుంజు. మిగిలేది కుంటిది, పీలది. ఆ మిగిలినదే ఏడాదంతా పెట్టలతో తిరుగుతుంది, దాని పిల్లలే మన దొడ్లో మిగులుతాయి. నాలుగేళ్ళు ఇట్లా జరిగితే మన మంద అంతా పీలదైపోతుంది. అమ్మితే రెండోదాన్ని, మూడోదాన్ని అమ్మండి. మొదటిది ఉండాలి.

మరి అందరిళ్ళల్లో పుంజు ఉండాలా అంటే, అక్కర్లేదు. మా వీధిలో ఇప్పుడు నాలుగైదు ఇళ్ళు కలిసి ఒక పుంజును పెట్టుకున్నాం. మొత్తం పెట్టలు పది లోపలే. పుంజు ఒక ఇంట్లో ఉంటుంది, మేత ఆ ఇంటిదే. ఎవరి పెట్ట కింద పిల్లలు దిగినా, నెల దాటి బతికిన పిల్లల్లో ఒకటి పుంజు ఉన్న ఇంటికి ఇస్తారు. ఇంతకుముందు "మా పుంజు మీ పెట్టల్ని తొక్కుతుంది, మేత మాత్రం మాది" అని నీళ్ళకొళాయి దగ్గర మాటలు పడేవాళ్ళు. ఇప్పుడు లేదు.

దొడ్లు కంచెలు వేసి విడివిడిగా ఉన్నచోట పుంజును ఇల్లిల్లూ తిప్పాలి. పొద్దుగూకినాక ఎత్తుకుపోయి గూట్లో వదిలితే గొడవ లేకుండా కలుస్తాయి. నాలుగైదు రోజులు ఉంచితే చాలు. వారం పోయినాక పెట్టే గుడ్లు ఏరి దాచి పొదగేసుకోవచ్చు. ఏడో రోజు రాత్రి చీకట్లో సెల్‌ఫోను లైటు మీద గుడ్డు పెట్టి చూడండి. లోపల సాలెగూడు మాదిరి ఎర్రటి నరాలు కనపడితే పిల్ల ఉంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే అది ఒట్టిది, తీసేయండి. ఆ చెల్లెలు పోగొట్టుకున్న 21 రోజులు మీకు ఏడు రోజుల్లోనే తెలిసిపోతాయి.

ఒకే పుంజును ఏళ్ళ తరబడి ఉంచొద్దు. రెండో ఏటికి దాని కూతుళ్ళే పెట్టలై దానితో తిరుగుతాయి. దగ్గరి రక్తం కలిస్తే పిల్లలు తక్కువ దిగుతాయి, దిగినవి బలంగా ఉండవు. ఏడాదికోసారి పక్క ఊరి సంఘంతో పుంజును మార్చుకోవాలి.

అయితే పుంజును తిప్పడంలో భయం కూడా ఉంది. కొక్కెర తెగులు ఒక ఇంట్లో ఉంటే పుంజుతోపాటు నాలుగిళ్ళకూ పోతుంది. మన సరస్సుకు ఏటా ఎక్కడెక్కడి నుంచో పక్షులు వస్తాయి. అవి మనకు అందం, పేరు, నేలపట్టుకు వచ్చే టూరిస్టులతో నాలుగు రూపాయలు. కానీ బాతులు, కోళ్ళు వాటితో ఒకే నీళ్ళల్లో తిరగకుండా చూసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోడి అంటే కొనేవాడు లేకుండా పోయాడు. అందుకని బయట నుంచి ఏ పుంజు వచ్చినా రెండు వారాలు దూరంగా వేరే గంప కింద ఉంచి, తుమ్ము, దగ్గు, పచ్చటి విరేచనం ఏమీ లేదని చూసుకున్నాకే మందలో వదలండి. బరికి పోయొచ్చిన పుంజునైతే అసలు కలపొద్దు. పిల్లలకు ఏడో రోజు కంట్లో వేసే లసోటా చుక్క, నెల దాటాక ఇంకోసారి, రెండు నెలలప్పుడు రెక్క కింద సూది మరిచిపోవద్దు. ఒకేసారి ఎక్కువ కోళ్ళు చస్తే చేత్తో పట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి, 1962 నంబరుకు ఫోన్ చేయండి.

వనరాజా, గ్రామప్రియ పిల్లలు తీసుకున్న అక్కలకు ఒక మాట. అవి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలు. గుడ్లు నాటుపెట్టకన్నా ఎక్కువే పెడతాయి. కానీ అవి పొదగవు, వాటి గుడ్లు నాటుపెట్ట కింద వేయాల్సిందే. వాటిలో వాటికి పుట్టిన పిల్లలకు తల్లి గుణం పూర్తిగా రాదు. గుడ్ల కోసం గ్రామప్రియ పెంచేవాళ్ళకు పుంజు దండగ. వనరాజా పుంజును మన నాటుపెట్టలతో కలిపితే పిల్లలు బరువు తేలతాయి, మాంసానికి పనికొస్తాయి. కాకపోతే పెట్ట మరీ చిన్నదైతే ఆ బరువుకు వీపు గాయాలు పడతాయి, చూసుకోవాలి.

పుంజును ఏరుకునేటప్పుడు రంగు చూడొద్దు. కన్ను తేటగా, జుట్టు ఎర్రగా, కాళ్ళు వంకర లేకుండా, రొమ్ము నిండుగా ఉందా చూడండి. ఎక్కువ గుడ్లు పెట్టి, ఎక్కువ పిల్లల్ని బతికించిన పెట్ట కొడుకైతే ఇంకా మంచిది. దాని తల్లి ఎవరో ఇంట్లో ఆడవాళ్ళకే తెలుస్తుంది, బేరగాడికి తెలియదు.

మేము ఆ చెల్లెలికి రెండో వీధి నుంచి పుంజును ఇప్పించాం. మళ్ళీ గుడ్లు వేసింది. మొదటి విడత తొమ్మిది దిగాయి, ఆరు బతికాయి. కిస్తీలు రెండు నెలలు వెనక్కి జరిపి కట్టించుకున్నాం.

ఊరూరూ పుంజులు మార్చుకోడానికి ఒక పుస్తకం తెచ్చాం. మంచి పుంజు ఉండి ఇచ్చేవాళ్ళు, పుంజు కావల్సినవాళ్ళు మీ ఊరి పేరు, సంఘం పేరు, టీకా వేసిన తేదీ రాయించండి. భోజనాల దగ్గర మా సంఘం వాళ్ళు ఆ పుస్తకం పట్టుకోని కూర్చోని ఉంటారు. ఇరకం అక్కలు ముందు రాయించుకోండి, మీకు పడవ టైము అయిపోతుంది.